నాలుగు వేళ్ల కొసరు

పద్దెనిమిదేళ్లు బట్టల కొట్లో నిలబడి పనిచేసినవాడికి కుర్చీలో కూర్చోవడం అంత తేలిగ్గా రాదు. రెండువేల ఆరో సంవత్సరం, ఉగాది వెళ్లిన నాలుగో రోజున, ధవళేశ్వరం రోడ్డు మీద బంగార్రాజు గారి రియల్ ఎస్టేట్ ఆఫీసులో నాకు మొట్టమొదట వచ్చిన కష్టం అదే. ఆయన కూర్చోమనేవారు, నేను కూర్చునేవాణ్ణి. గుమ్మంలో ఎవరి నీడ పడినా మాత్రం గబుక్కున లేచి, "రండమ్మా, ఏం చూపించమంటారు?" అనేసేవాణ్ణి.

"అతను కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చాడయ్యా. కూర్చో," అనేవారు బంగార్రాజు గారు.

తాడితోటలో మా షావుకారు గారు కాలం చేశాక కొడుకులు కొట్టు మూసేశారు. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. చదువు తొమ్మిదో తరగతి. చేతిలో ఉన్నవి రెండే విద్యలు. ఒకటి, వచ్చినవాళ్లకి "లేదు" అని చెప్పకపోవడం. మా కొట్లో ఆ మాట ఎవరి నోటా రాకూడదు. అడిగిన రంగు లేకపోతే "వస్తోందమ్మా, ఈలోగా ఈ నెమలికంఠం చూడండి" అనాలి. రెండోది కొలత. మీటరు బద్దతో గుడ్డ కొలిచి, కత్తెర పెట్టే ముందు నాలుగు వేళ్లు ముందుకి జరిపి కొయ్యాలి. "మీటరు వాళ్లు కొనుక్కున్నదిరా, దాన్నెవరూ గుర్తుపెట్టుకోరు. ఆ నాలుగు వేళ్ల కొసరు చూసే మళ్లీ మన గుమ్మం ఎక్కుతారు," అని షావుకారు గారు నేను చేరిన మొదటి రోజునే చెప్పారు.

"భూమి గురించి నీకేం తెలుసు?" అనడిగారు బంగార్రాజు గారు నన్ను పనిలో పెట్టుకునే రోజున.

"ఏమీ తెలీదండి."

"మరేం తెలుసు?"

"కొనడానికొచ్చారో, ఫ్యాను గాలికొచ్చారో గుమ్మం ఎక్కేటప్పుడే తెలుస్తుందండి."

ఆయన నవ్వి, మేకుకి వేలాడుతున్న టీవీయస్ బండి తాళం తీసి నా ముందు పెట్టారు. "మూడు నెలలు ట్రైనీవి. ఆషాఢం లోపల నువ్వు తెచ్చిన పార్టీ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, రిజిస్ట్రేషన్ దాకా వెళ్లాలి. వెళ్తే ఉంటావు. లేకపోతే మళ్లీ బట్టలే."

సత్తియ్య అని నా పేరు మీద విజిటింగ్ కార్డులు కొట్టించారు. ఇంటికి తెస్తే మా ఆవిడ రామతులసి ఒకటి తీసుకుని, కుట్టు మిషను దగ్గర వెలుతురుకి పెట్టి చదువుకుంది. "మన పెళ్లి శుభలేఖ తర్వాత మీ పేరు అచ్చులో చూడ్డం ఇదే," అని దేవుడి గూట్లో పెట్టింది. కొట్టు మూసిన దగ్గర్నుంచి ఆ మిషనే ఇల్లు నడుపుతోంది. ఆ మాట మాత్రం తను ఒక్కసారీ అనలేదు.

మా వెంచరు కడియం వెళ్లే దారిలో ఉంది. అంతకుముందు అది నర్సరీ. మొక్కలన్నీ లారీలెక్కి ఎక్కడెక్కడికో వెళ్లిపోయాయి, కుండీలు పెట్టిన చోట గుండ్రటి మచ్చలు నేల మీద మిగిలిపోయాయి. సర్వేయరు వచ్చి చుట్టూ హద్దు రాళ్లూ, ఒక్కో వరసకి అటు చివర ఇటు చివర రాళ్లూ వేయించాడు. లోపల ప్లాట్లు విడగొడుతూ వస్తుండగా ఆయనకి ఆటలమ్మ పోసింది. కాలవ వైపు వరస ఒకటి మిగిలిపోయింది. అందులో పదమూడు ప్లాట్లు, ఒక్కోటి ముప్పై ఆరడుగుల వెడల్పు. చూస్తే అక్షయ తృతీయ వారం రోజుల్లో ఉంది.

"సర్వేయరు లేచేదాకా ఆగుదామాండీ?" అన్నాను.

"బట్ట కొలిచినవాడివి, భూమి కొలవలేవా? రెండూ పరిచి ఉండేవేగా," అన్నారు బంగార్రాజు గారు, టేపు నా మీదకి విసురుతూ.

రాళ్లు పాతే మనిషి అబ్బులు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, ఎండకి తల మీద తడి తువ్వాలు వేసుకుని గడ్డపార పట్టుకొచ్చాడు. అతను టేపు కొస రాయి దగ్గర అదిమిపట్టేవాడు, నేను లాక్కుంటూ వెళ్లి "ముప్పై ఆరు!" అని అరిచి నేల మీద బొటనవేలితో గుర్తు పెట్టేవాణ్ణి. అక్కడ రాయి పాతి, ఆ రాయి దగ్గర్నుంచి మళ్లీ మొదలు. నాలుగో రాయి దగ్గర అబ్బులు తల గోక్కున్నాడు.

"బాబూ, ముప్పయ్యారు అనేసేక సెయ్యి ఇంకొంచెం ముందుకెడతందేంటి?"

"అలవాటు అబ్బులూ. సత్తియ్య తక్కువ కొలిచాడని ఎవరూ అనకూడదు."

"అలవాటైతే సరే," అని గడ్డపార దించాడు.

పన్నెండు రాళ్లు పాతేసరికి పొద్దు వాలింది. పదమూడో ప్లాటుకి అవతలి చివర సర్వేయరు వేసిన రాయి ఉండనే ఉంది. అటూ ఇటూ రాళ్లున్నాక ఇక కొలిచేదేముందని టేపు చుట్టేశాను. వెనక్కి తిరిగి చూసుకుంటే వరసంతా తెల్లటి రాళ్లతో, మడత విప్పిన కొత్త తానులా కనబడింది. నాకు చాలా సంతోషం వేసింది.

నా బోణీ అమ్మణ్ణిగారు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో అటెండరు. వాళ్లాయన లాకుల దగ్గర లస్కరుగా పనిచేసేవాడు, కాలవ తలుపులు ఎత్తడం దించడం ఆయన పని. ఆయన పోయాక ఆ ఉద్యోగం కింద ఈవిడకి ఇది ఇచ్చారు. అప్పట్నుంచీ ఏడాదికి రెండు నేత చీరలు, మా కొట్లో నా దగ్గరే కొనేది. రవిక గుడ్డ కొయ్యబోతే, నేను కొసరు జరిపింది కళ్లారా చూసి కూడా, "ఇంకో నాలుగు వేళ్లు వెయ్యి బాబూ" అనేది. పద్దెనిమిదేళ్లలో ఆ మాట అనకుండా ఒక్కసారీ కొట్టు దిగలేదు.

వాళ్ల క్వార్టర్సుకి బండి మీద వెళ్తే ఎదురొచ్చి, "మూటేదీ? కొట్టు మూసేశారన్నారు, ఇంటింటికీ తిప్పి అమ్ముతున్నావా?" అంది.

"ఈసారి చీర కాదండి. స్థలం."

"నువ్వా? స్థలమా?" అని గట్టిగా నవ్వింది. నవ్వి, నవ్వి, ఆగింది. "జూను నెలాఖరుకి రిటైరవుతున్నాను సత్తియ్యా. ఈ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ముప్పయ్యేళ్లు గవర్నమెంటు గోడలకి మేకులు కొట్టుకున్నాను. నాదంటూ ఒక్క గోడ లేదు. పద, చూపించు."

సైటుకి తీసుకెళ్లాను. ఆవిడ ప్రతి ప్లాటులోనూ నిలబడి నాలుగు వైపులా చూసుకుంటూ వరస చివరకంటా నడిచింది. చివరి ప్లాటు పక్కన లోవరాజు అనే ఆయన నర్సరీ, మోకాలెత్తు మొక్కలు. ఆ పైన కాలవ మలుపు. వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు కాబట్టి అప్పుడు అందులో బురదా, రెండు గేదెలూ తప్ప ఏమీ లేవు. ఆవిడ మాత్రం నిండు కాలవని చూస్తున్నట్టే చూసింది.

"మా ఆయన తలుపులెత్తితే నీళ్లు ఇటే వచ్చేవి," అంది. "ఇది నాకు రాసెయ్యి. ఒక గది, వంటిల్లు, సామాన్లకి కొట్టుగది. ఇదిగో, ఇటుపక్క పొడుగునా మూడడుగుల అరుగు. పొద్దున్నే కాఫీ పట్టుకుని కూర్చుని నీళ్లొచ్చాయా లేదా అని చూసుకుంటాను. ఇప్పుడు అందరికీ అరుగులు నామోషీట కదా. నాకు అరుగు లేకపోతే అసలు ఇల్లే వద్దు."

అడ్వాన్సు ఇచ్చేసింది. ఆషాఢం రాకముందే, జూను ఇరవయ్యో తారీకున రిజిస్ట్రేషన్ అనుకున్నాం. బంగార్రాజు గారు నా భుజం తట్టి, "ఇక నువ్వు ట్రైనీవి కాదులే," అన్నారు. అక్షయ తృతీయ నాటికి మిగతా పన్నెండూ కూడా అడ్వాన్సులు పడిపోయాయి.

మే నెల చివర ఒక మధ్యాహ్నం, రోహిణి కార్తె ఎండ, రామతులసి అమ్మణ్ణిగారి రవికలు కుడుతోంది. రిటైరయ్యే రోజుకొకటి, గృహప్రవేశానికొకటి అని ఆవిడ రెండు గుడ్డలు కొనమని పురమాయించింది. తెలిసిన కొట్లో తాను విప్పించి నేనే కొలిచి కోశాను. రామతులసి ఆ గుడ్డ నమూనా మీద పరిచి నవ్వింది.

"మీ చెయ్యి మారదు. మళ్లీ నాలుగు వేళ్లు ఎక్కువ."

"కొసరు లేని కొలత కొలతేంటే?"

"కొసరు బానే ఉంటుంది. పన్నెండు రవికల కొసరు కలిపితే ఇంకో రవిక వస్తుంది, తెలుసా? ఆ గుడ్డంతా తానులోంచి పోవాల్సిందేగా. మరి తాను చివర కొనుక్కున్నవాళ్లకి తక్కువ రాదూ?"

"చివర ముక్క ఎవరికీ మీటరు లెక్కన అమ్మం. కట్‌పీసు కింద..." అంటూ ఆగిపోయాను.

కత్తెర నా చేతిలోనే ఉంది. ముప్పై ఆరు, నాలుగు వేళ్లు. ముప్పై ఆరు, నాలుగు వేళ్లు. పన్నెండు సార్లు.

"ఏమైందండీ?"

బండి తీసుకుని ఆ ఎండలోనే సైటుకెళ్లాను. టేపు కొస మీద రాయి పెట్టి చివరి ప్లాటు కొలిచాను. ముప్పై మూడు. మళ్లీ కొలిచాను. ముప్పై మూడే. అవతల లోవరాజు కంచె, అంగుళం జరిగే చోటు లేదు. సరిగ్గా మూడడుగులు. సరిగ్గా ఆవిడ అరుగంత.

ఇంటికొచ్చి చెప్పాను. రామతులసి కాలు మిషను మీద ఆగిపోయింది.

"చివరిది ఎవరిది?" అంది, తెలిసి కూడా.

"అమ్మణ్ణిగారిది."

ఒళ్లో ఉన్న రవికని చూసుకుంది. "చెబితే?"

"ఆవిడ వద్దంటుంది. ఆవిడ రిజిస్ట్రేషను మీదే నా ఉద్యోగం ఉంది."

"చెప్పకపోతే?"

"ఆవిడకి తెలిసే దారి లేదు. రాళ్లుంటే ఎవరూ కొలవరు."

మిషను మళ్లీ మొదలుపెట్టింది. ఆ రోజు కుట్టిన కుట్టు సాయంత్రం కూర్చుని ఊడదీసింది, వంకర వచ్చిందట.

పది రోజులు ఆవిడకి కనబడకుండా తిరిగాను. ఆవిడ మా ఆఫీసుకి ఫోను చేసి "ఒకసారి స్థలం దగ్గరికి రా, ఇల్లు ఎలా కూర్చుంటుందో చూసుకుందాం" అంటే, "వస్తున్నానండి, ఈ రెండ్రోజుల్లో వస్తున్నానండి" అనేవాణ్ణి. లేదు అనకుండా బతకడం నేర్చుకున్నవాణ్ణి కదా. పదకొండో రోజు పొద్దున్నే ఆవిడే ఆటో ఎక్కి సైటుకెళ్లి, అక్కడ పనిలో ఉన్న అబ్బులు చేత కబురు పెట్టించింది.

నేను వెళ్లేసరికి చేతిసంచీలోంచి రెండు చీరలు తీస్తోంది. ఒకటి బూడిద రంగు, ఒకటి మామిడి చిగురు రంగు. రెండూ బండార్లంక నేత, రెండూ నేనిచ్చినవే.

"మేస్త్రి ముప్పై ఆరడుగులకి ప్లాను గీసిచ్చాడు. నాకు కాగితం మీద గీతలు అర్థం కావు బాబూ. చీర పద్దెనిమిది అడుగులని నువ్వే చెప్పేవాడివి కదా. రెండు చీరలు పరిచి, ఇక్కడ గది, ఇక్కడ వంటిల్లు అని నడిచి చూసుకుంటాను. ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. మొదటి చీర పన్నెండో రాయి దగ్గర్నుంచి పరిచి, ఎగరకుండా అంచుల మీద బెడ్డలు పెట్టింది. దాని కొంగు దగ్గర రెండోది మొదలుపెట్టింది. మామిడి చిగురు చీర నేల మీద సాగుతూ సాగుతూ వెళ్లి, చివరి రాయి దాటి, లోవరాజు కంచె కిందకి దూరింది. కొంగు అవతల మొక్కల్లో పడింది.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. వెళ్లి మొదటి కొస చూసుకొచ్చింది. మళ్లీ కంచె దగ్గరికొచ్చింది.

"ఇదేంటి?" అంది. తరవాత తనే నవ్వేసింది. "పాత చీరలు కదా. ఉతికి ఉతికి సాగుంటాయి, ఏం బాబూ?"

నేను వంగి కంచె కింద నుంచి ఆ కొంగు బయటికి లాగాను. నూలు నా వేళ్లకి తెలుసు. అదే మగ్గం, అదే అంచు.

"నేత నూలు సాగదండి," అన్నాను. "ఉతికేకొద్దీ కుంచించుకుపోతుంది. ఇవి ఇప్పుడు పద్దెనిమిది అడుగులు కూడా ఉండవు."

"అయితే?"

"స్థలమే తక్కువండి. నేనే కొలిచాను."

చెప్పాను. నాలుగు వేళ్లు, పన్నెండు రాళ్లు, టేపు చుట్టెయ్యడం, పది రోజులు దాక్కోవడం, అన్నీ. ఆవిడ వింటూ ఒక్కొక్క బెడ్డా తీసి పక్కన పడేసింది.

"ఆ కొస పట్టుకో," అంది మళ్లీ.

చీర చెరో కొసా పట్టుకుని దులిపి, మడిచి, దగ్గరికి నడిచాం. మళ్లీ మడిచి, మళ్లీ నడిచాం. చేతులు కలిసిన చోట ఆవిడ నా చేతిలోంచి కొస తీసుకుంది. అప్పుడు నా మొహంలోకి చూసింది.

"నేను నోరు తెరిచి అడిగితే విసుక్కునేవాడివి. ముక్కూ మొహం తెలీని పన్నెండు మందికి అడక్కుండానే వేసేశావా?"

నేను పన్నెండో రాయి వంక చూశాను.

"నా అరుగు నాకు కావాలి సత్తియ్యా."

"ఇప్పిస్తానండి."

"ఎలా ఇప్పిస్తావు?"

"తెలీదండి."

రెండో చీర ఆవిడ ఒక్కతే మడుచుకుంది.

బంగార్రాజు గారు ఇడ్లీ తింటున్నారు. విని, ప్లేటు పక్కన పెట్టేశారు.

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేదయ్యా?"

"ఆవిడ చీరలు పరిచారండి."

"చీరలు సాగాయని చెప్పొచ్చుగా!"

"నేత చీర సాగదండి."

తిడతారనుకున్నాను, తిట్టలేదు. చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నారు. "రాయి జరపడం పెద్ద పని కాదు. కానీ చెప్పకుండా హద్దు రాయి జరిపారని పేరొచ్చిందా, ఈ జిల్లాలో మనకి ఎవడూ ఎకరం చూపించడు. పన్నెండు మందికీ చెప్పాలి. నీ కొలత, నీ నోరు. వెళ్లి నువ్వే చెప్పు. తరవాత నీ సంగతి చూద్దాం." నేను లేచి గుమ్మం దాటబోతుంటే, "తాళం," అన్నారు. ఇచ్చాను. మేకుకి తగిలించారు. "నడిచి తిరుగు. కాళ్లతో కొలిస్తేనేగాని భూమి తెలీదు."

ఆ రాత్రి అన్నం పెడుతూ రామతులసి, "రేపు ఎన్నింటికి బయల్దేరాలి?" అంది.

"నేను ఏడింటికి."

"మనం," అంది.

మొదటి ఇల్లు ఇన్నీసుపేటలో సూర్యప్రకాశం మాస్టారిది. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎదురుగా నిలబడ్డానేగాని అసలు సంగతి ఎత్తలేకపోయాను. నీళ్లు తాగాను, ఎండల గురించి మాట్లాడాను, మళ్లీ నీళ్లు తాగాను. రామతులసి కొంగు సర్దుకుని చెప్పేసింది.

"మావారి చేతి అలవాటు వల్ల మీతో కలిపి పన్నెండు మందికి నాలుగేసి వేళ్లు ఎక్కువొచ్చిందండి. అది చివరి ప్లాటావిడది. రవిక వదులైతే ఒక కుట్టు లోపలికేస్తాం కదండీ, అలాగే రాయి ఒక కుట్టు లోపలికి జరపాలి. మీకు రావాల్సింది మీకు పూర్తిగా ఉంటుంది."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని నన్ను చూశారు. "మూడంగుళాలు పన్నెండు సార్లయితే ఎంత?"

"ముప్పై ఆరంగుళాలండి. మూడడుగులు."

"ఇది కొలిచేముందు తెలీలేదా? ఎంత చదివావు?"

"తొమ్మిది అండి."

"ఎనిమిదిలోనే ఆపేసి ఉంటావు," అని లోపలికెళ్లిపోయారు. మేం మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "జరుపుకోండి!" అని కేకేశారు.

అలా ఎనిమిది రోజులు తిరిగాం. బస్సులు, ఆటోలు, నడక. కొందరు నవ్వారు, కొందరు అనుమానంగా కాగితాలు తీసి చూసుకున్నారు. ఒకాయన పడుకున్నాడని మూడు సార్లు తిప్పించుకున్నారు. జంగారెడ్డిగూడెం వెళ్లిన రోజున బస్సులో కూర్చునేందుకు చోటు దొరకలేదు. అక్కడ భీమరాజు గారని, పామాయిల్ తోటల రైతు. "నాలుగు వేళ్ల కోసం ఇంత దూరం వచ్చారా!" అని నొచ్చుకుని, కాళ్లకి నీళ్లిచ్చి, కొసరి కొసరి భోజనం పెట్టించారు. వస్తుంటే రామతులసి చేతిలో జీడిపప్పు పొట్లం పెట్టారు. దారంతా తను ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని, "ఎంత మంచివాళ్లండీ," అంటూనే ఉంది. మర్నాడు ఆయన ఆఫీసుకి ఫోను చేసి, కొలతలో అనుమానం వచ్చిన భూమి తనకొద్దని అడ్వాన్సు వెనక్కి అడిగారు.

ఆయన ఒక్కరే వెనక్కి వెళ్లింది. బంగార్రాజు గారు ఆ వార్త నాతో చెప్పి, మేకుకున్న తాళం వంక చూశారు. పొట్లం ఏం చెయ్యాలో తోచక రామతులసి రెండ్రోజులు దాచి, చివరికి పాయసంలో వేసేసింది.

అమ్మణ్ణిగారి నుంచి మాత్రం మాటా లేదు, పలుకూ లేదు. రిజిస్ట్రేషను వద్దనలేదు, కావాలనలేదు.

రాళ్లు జరిపే రోజుకి మృగశిర వచ్చేసింది. ముందు రోజు ఒక జల్లు పడి నేల మెత్తగా ఉంది. అబ్బులు గడ్డపార తెచ్చాడు. నేను టేపు తీస్తే, "ఈసారి సెయ్యి జారకుండా సూసుకోండి బాబూ," అన్నాడు.

"నేను చూసుకుంటాలే," అంది రామతులసి.

చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని నా పక్కనే గొంతుక్కూచుంది. టేపు మీద ముప్పై ఆరు దగ్గర బొటనవేలి గోరు పెట్టింది, కత్తెర పెట్టే ముందు గుడ్డ మీద పెట్టినట్టు. నా చెయ్యి ముందుకి వెళ్లబోయింది. ఆ గోరు కదల్లేదు. నా చెయ్యి ఆగింది. అబ్బులు అక్కడే గడ్డపార దించాడు. ఒక్కో రాయి లేస్తుంటే పాత గుంటలు వరసగా మిగిలాయి, మొదటిది నాలుగు వేళ్ల దూరంలో, తరవాతది ఎనిమిది వేళ్లు, ఆ తరవాతది జానెడు, ఆ పైవి ఇంకా దూరం.

ఎనిమిదో రాయి దగ్గర ఉండగా బంగార్రాజు గారు కారు దిగి, గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడ్డారు. పదో రాయి దగ్గర ఉండగా ఆటో ఆగింది. అమ్మణ్ణిగారు దిగి, టిఫిన్ క్యారియరు పక్కన పెట్టి, చివరి రాయి దగ్గరికెళ్లి నిలబడింది. నన్ను పలకరించలేదు.

పన్నెండో రాయి పాతాం. టేపు కొస దాని దగ్గర పెట్టి అబ్బులు కూర్చున్నాడు. ఒకసారి ఈ చివరి ప్లాటు కొలవకుండా వదిలేశాను. ఈసారి అడుగులో అడుగు వేసుకుంటూ టేపు లాక్కెళ్లాను. రామతులసి నా వెంటే వచ్చింది. చివరి రాయి అమ్మణ్ణిగారి కాళ్ల దగ్గరుంది. టేపు రాయికి తగిలిన చోట రామతులసి గోరు పెట్టి చూపించింది.

"ముప్పై ఆరు," అన్నాను.

అమ్మణ్ణిగారు వంగి గోరు వంకా, అంకె వంకా చూసింది. తరవాత నా వంక.

"ఇంకో నాలుగు వేళ్లు వెయ్యి బాబూ," అంది.

రాయికి అవతల లోవరాజు కంచె, చిన్న చిన్న మొక్కలు, వాటి మొదళ్లలో తడి. బంగార్రాజు గారు చూస్తున్నారు, అబ్బులు చూస్తున్నాడు. పద్దెనిమిదేళ్లు నా నోటికి రాని మాట అది. నాలిక తిరగడానికి కాస్త టైము పట్టింది.

"లేదండి," అన్నాను. "అటుపక్కది ఆయనదండి."

ఆవిడ నవ్వింది. క్వార్టర్సులో నవ్విన నవ్వే, నడుం పట్టుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా. "అమ్మయ్య, నేర్చుకున్నాడు," అని రామతులసి వీపు మీద ఒక్కటి చరిచింది. "ఏమే, నా రవికలయ్యాయా? ఇరవయ్యో తారీకున రిజిస్ట్రేషను ఆఫీసులో సంతకం పెట్టాలి. పాత రవికతో వెళ్లను."

"అయ్యాయండి," అంది రామతులసి. ఆ రెండూ ఎప్పుడు పూర్తి చేసిందో నాకే తెలీదు.

బంగార్రాజు గారు గొడుగు ముడుచుకుని గట్టు దిగొచ్చారు. జేబులోంచి బండి తాళం తీసి, నాకివ్వకుండా రామతులసి ముందు చెయ్యి చాపారు. "నీ దగ్గరుంచుకో అమ్మా. వెనకాల నువ్వు కూర్చో. టేపు పట్టుకున్నప్పుడు ఇతన్ని ఒంటరిగా వదలకు." తను నా వంక ఒకసారి చూసి తాళం తీసుకుని కొంగున ముడేసుకుంది. అప్పట్నుంచీ ఇన్నేళ్లలో నేను కొలిచిన ప్రతి స్థలానికీ ముప్పై ఆరు దగ్గరో, నలభై దగ్గరో ఆ గోరే పడింది.

అమ్మణ్ణిగారు చివరి రాయికి ఇవతల, సరిగ్గా అరుగు రావాల్సిన చోట, నేల మీద కూర్చుంది. కాలవలు వదిలి రెండు రోజులైంది. మలుపు దగ్గర ఎర్రటి కొత్త నీరు, ఎండుగడ్డీ ఆకులూ నెట్టుకుంటూ మెల్లగా వస్తోంది. ఆ గేదెలు ఇప్పుడు మెడల దాకా మునిగి ఉన్నాయి.

"నీళ్లొచ్చాయి," అంది ఆవిడ, ఎవరితోనో అన్నట్టు. కాసేపయ్యాక పక్కన నేల మీద చేత్తో తట్టింది. "కూర్చో సత్తియ్యా."

కూర్చున్నాను. మెత్తటి నేల, ఇంకా తడి ఆరలేదు. వెనక ఎవరిదో నీడ వచ్చి మా మీద పడింది. నేను లేవలేదు.